గార పళ్లు పీకించి ఇంప్లాంట్ పెట్టించుకోవాలా? సీఎస్ పురం, కనిగిరి వైపు వాళ్లు డబ్బు కట్టేముందు ఇది తెలుసుకోండి..

చంద్రశేఖరపురం: కనిగిరి నుంచి సీఎస్ పురం, పామూరు వైపు వెళ్లే ఏ బస్సు ఎక్కినా ఒకటి కనిపిస్తుంది. నవ్వొస్తే కొంగో, కర్చీఫో, అదీ లేకపోతే అరచెయ్యో నోటికి అడ్డం పెట్టుకునే వాళ్లు. కారణం ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. గార పళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పెళ్లిచూపుల దగ్గర్నుంచి ఉద్యోగం ఇంటర్వ్యూ దాకా ఆ మచ్చలు మనిషిని వెనక్కి లాగుతూనే ఉంటాయి.

ఇప్పుడు అదే జనం ఫోన్లలో ఇంప్లాంట్ వీడియోలు తిరుగుతున్నాయి. ఒక్క రోజులో కొత్త పళ్లు, నొప్పే ఉండదు, వాయిదాల్లో కట్టుకోవచ్చు.. ఇలా. దాంతో కొందరికి ఓ ఆలోచన వస్తోంది. ఈ పళ్లన్నీ పీకించేసి తెల్లగా కొత్తవి పెట్టించుకుంటే పోలా? అని.

సూటిగా చెప్పేద్దాం. గట్టిగా ఉన్న గార పన్నును రంగు కోసం పీకించి ఇంప్లాంట్ పెట్టించుకోవద్దు. పన్ను ఊడిపోయిన చోట, పీకక తప్పని చోట మాత్రం ఇంప్లాంట్ నిజంగా మంచి వైద్యం. ఈ రెండింటికీ మధ్య తేడా తెలియక లక్షలు పోగొట్టుకోకూడదనే ఈ కథనం.

గార పన్ను పాడైపోయిన పన్ను కాదు

ఈ సమస్య కొత్తది కాదు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే ఉండేవి. అంటే ఈ ఊళ్ల గొడవ స్వాతంత్ర్యం రాకముందే రికార్డుల్లోకి ఎక్కింది.

గార ఎలా వస్తుంది? చిన్నప్పుడు పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్న టైమ్‌లో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వెళ్తే, పన్ను పైపొర అయిన ఎనామిల్ సరిగ్గా కట్టుకోదు. పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల వయసు దాకా ఈ ప్రమాదం. పన్ను బయటికి వచ్చాక ఆ పొర మీద తెల్ల చారలు, పసుపు, గోధుమ రంగు మచ్చలు, ఎక్కువైతే గుంటలు కనిపిస్తాయి. పెద్దయ్యాక ఎన్నాళ్లు ఆ నీళ్లు తాగినా కొత్తగా పంటి మీద గార రాదు. ఎముకలకు, కీళ్లకు మాత్రం ముప్పు ఉంటుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, దెబ్బ తిన్నది పైపొర. కింద వేరు, ఎముకలో పట్టు చాలామందిలో బాగానే ఉంటాయి. ఆ వేరును మించిన ఇంప్లాంట్‌ను ఇంతవరకు ఏ కంపెనీ తయారు చేయలేదు. సొంత పంటి వేరుకు, ఎముకకు మధ్య సన్నని నారపొర ఉంటుంది. అన్నంలో రాయి తగలగానే ఠక్కున ఆగిపోతాం కదా, ఆ పని చేసేది అదే. ఇంప్లాంట్‌కి ఆ పొర ఉండదు.

మరి గారకు ఏం చేస్తారు? మచ్చ తేలిగ్గా ఉంటే పైపొరను అతి పల్చగా అరగదీసి, బ్లీచింగ్ చేస్తారు. ఇంకాస్త ఎక్కువైతే పంటి రంగులో ఉండే కాంపోజిట్ పూత వేస్తారు. ముందు పళ్లకు వెనీర్ అని గోరంత పల్చటి పెంకు అతికిస్తారు. గుంటలు పడి, అంచులు రాలిపోతున్న పళ్లకైతే క్యాప్. వీటిలో దేనికీ పన్ను పీకక్కర్లేదు. ఖర్చు కూడా చాలావరకు ఇంప్లాంట్ కంటే తక్కువే. క్యాప్ కోసం కూడా పన్నును చుట్టూ అరగదీయాలి, అది మళ్లీ పెరగదు. కాబట్టి బ్లీచింగ్‌తోనో పూతతోనో పోయేదానికి క్యాప్ దాకా వెళ్లొద్దు. డాక్టర్ నేరుగా పెద్ద వైద్యం చెబితే, దీనికంటే చిన్నది కుదరదా? అని అడగండి. అడిగితే తప్పేం లేదు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు ఒక్క మాట. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే గరిష్ఠంగా 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతోంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో మీ బోరు నీళ్లు పరీక్ష చేయించుకోవచ్చు.

అసలు ఇంప్లాంట్ అంటే ఏంటి?

మూడు ముక్కలు. ఎముకలోకి దిగే టైటానియం మర ఒకటి, అది వేరు లాంటిది. దాని మీద బిగించే చిన్న కంబం, దాన్ని అబట్‌మెంట్ అంటారు. పైన కనిపించే పన్ను, అంటే క్యాప్. చాలామంది అనుకుంటున్నట్టు పన్నును తెచ్చి చిగురులో గుచ్చేయడం కాదు.

దీని వెనక కథ ఆసక్తిగా ఉంటుంది. స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రెనెమార్క్ 1952లో కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టి ఎముక ఎలా మానుతుందో చూస్తున్నారు. ప్రయోగం అయ్యాక తీద్దామంటే అది రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. ఆ పట్టే ఈ మొత్తం వైద్యానికి ఆధారం. 1965లో గోస్తా లార్సన్ అనే ఆయనకు తొలిసారి దవడలో ఇంప్లాంట్లు పెట్టారు. 2006లో ఆయన చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు దాటి అవి పనిచేశాయి.

అయితే ఎముక పట్టుకోవడానికి నెలలు పడుతుంది. ఒక్క రోజు అనే ప్రకటన చూసినప్పుడు ఈ ముక్క గుర్తు తెచ్చుకోండి.

మొదటిసారి వెళ్తే ఏం చేస్తారు?

మొదటి రోజే మర దించేస్తే అనుమానించాల్సిందే. ముందు నోరంతా చూడాలి. ఓపీజీ అని రెండు దవడలూ కలిపి ఒక ఎక్స్‌రే తీస్తారు. ఆ తర్వాత చాలా కేసుల్లో సీబీసీటీ స్కాన్. ఎముక ఎంత ఎత్తు, ఎంత మందం ఉందో, కింది దవడలో వెళ్లే నరం ఎంత దూరంలో ఉందో అందులో తెలుస్తుంది. ఆ నరానికి దెబ్బ తగిలితే కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కి నెలల తరబడి, కొందరికి శాశ్వతంగా అలాగే ఉండిపోవచ్చు. కాబట్టి స్కాన్ డబ్బులు మిగిలించుకుందామని చూడొద్దు.

పన్ను ఊడి ఏళ్లు గడిచిపోతే అక్కడ ఎముక కరిగిపోతుంది. వాడని కాలువ పూడిపోయినట్టే. అప్పుడు ముందు ఎముక పొడి వేసి పెంచాలి. పై దవడలో వెనక పళ్లకైతే పైనున్న సైనస్ గాలి గదిని కొద్దిగా పైకి లేపి మరీ వేస్తారు. దీంతో ఖర్చూ పెరుగుతుంది, నెలలూ పెరుగుతాయి.

రక్త పరీక్షలు కూడా రాస్తారు. షుగర్ ఉంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అడుగుతారు. షుగర్ కంట్రోల్‌లో ఉంటే ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చు. కంట్రోల్‌లో లేకపోతే ముందు అది తగ్గించుకుని రమ్మని పంపించే డాక్టరే మంచి డాక్టర్. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, ఎముకలు గుల్లబారాయని ఇంజెక్షన్లు, మాత్రలు తీసుకుంటున్నా, క్యాన్సర్‌కి మెడ, ముఖం మీద రేడియేషన్ తీసుకుని ఉన్నా దాచకుండా చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపేయొద్దు. గుండె డాక్టర్ చెప్పకుండా అస్సలు ఆపొద్దు.

మన ప్రాంతం వాళ్లు ఇంకోటి కూడా చెప్పాలి. ఏ ఊరు, ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారు, నడుం, మెడ, మోకాళ్లు పట్టేస్తున్నాయా.. ఇవి. ఫ్లోరైడ్ ఎముకల్లో చేరితే ఎక్స్‌రేలో ఎముక బాగా చిక్కగా కనిపించొచ్చు కానీ లోపల పెళుసుగా ఉండొచ్చు. ఒంగోలు, నెల్లూరులో కూర్చున్న డాక్టర్‌కి మీరు సీఎస్ పురం నుంచి వచ్చారని ముఖం చూసి తెలియదు కదా. మెడ వెనక్కి వంచలేని వాళ్లు గంటసేపు ఆ కుర్చీలో పడుకోవడం కూడా కష్టమే. అదీ ముందే చెప్పండి.

పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు మామూలుగా ఇంప్లాంట్ పెట్టరు. దవడ ఇంకా ఎదుగుతుంటే మర మాత్రం పెట్టిన చోటే ఉండిపోయి, పక్క పళ్లతో కలవదు.

మర దించే రోజు..

భయపడేది ఈ రోజుకే. నిజానికి ఒక్క పన్నుకైతే పన్ను పీకించుకున్నంత బాధ కూడా ఉండదని చాలామంది చెబుతారు. ఆ చోటుకే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. మీరు మెలకువగానే ఉంటారు. చిగురు కోసి, ఎముకలో సన్నని రంధ్రంతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెద్దది చేస్తారు. నొప్పి తెలియదు కానీ అదురు తెలుస్తుంది, శబ్దం తలలో వినిపిస్తుంది. డ్రిల్ చేసేటప్పుడు సెలైన్ నీళ్లు పోస్తూనే ఉంటారు. ఎముక వేడెక్కి సుమారు 47 డిగ్రీలు దాటితే అక్కడి కణాలు చచ్చిపోతాయి, ఆ తర్వాత మరను పట్టుకోదు. అందుకే ఆ నీళ్లు. ఒక్క ఇంప్లాంట్‌కి అరగంట నుంచి గంట.

వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. తొలి రోజు బయటి నుంచి ఐస్ పెట్టుకోవాలి. మొదటి ఇరవై నాలుగు గంటలు గట్టిగా పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. తిండి అంటే చల్లారిన రాగి జావ, పెరుగన్నం మెత్తగా పిసికి, ఇడ్లీ. సంగటి కూడా ఫర్వాలేదు కానీ దాంట్లోకి ఊరుమిండి కారం మాత్రం కొన్నాళ్లు వద్దు. కుట్లు వారం, పది రోజుల్లో తీస్తారు.

మూడు, నాలుగు రోజుల తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా, మత్తు దిగాక కూడా పెదవి తిమ్మిరిగానే ఉన్నా ఆగొద్దు. అదే రోజు ఫోన్ చేయండి.

అసలు కష్టం తర్వాతే

ఇక్కడి నుంచి ఎదురుచూపులు. కింది దవడకు సుమారు మూడు నెలలు, పై దవడకు నాలుగు నుంచి ఆరు నెలలు. పై దవడ ఎముక కాస్త మెత్తగా ఉంటుంది కాబట్టి అంత టైమ్. ఆ తర్వాత మర పట్టుకుందో లేదో చూసి, చిగురు ఆకారం కోసం ఒక చిన్న మూత పెట్టి, కొన్ని వారాలకు కొలతలు తీసుకుని, ల్యాబ్ నుంచి పన్ను రాగానే బిగిస్తారు. ఎముక పొడి వేయాల్సి వచ్చిందంటే మొత్తం ఏడాది కూడా పట్టొచ్చు.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది ఆదివారం పని. సీఎస్ పురం మండలంలో ఓ పల్లె నుంచి వచ్చే మనిషికి అలా కాదు. చూపించుకోవడానికి ఒకసారి, మర దించడానికి ఒకసారి, కుట్లకు ఒకసారి, మూత పెట్టడానికి, కొలతలకు, పన్ను బిగించడానికి, ఆ తర్వాత సర్దుబాటుకు.. తక్కువలో తక్కువ ఆరేడు ట్రిప్పులు. ప్రతిసారీ కనిగిరికి వచ్చి అక్కడి నుంచి ఒంగోలు బస్సు. ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలి కూడా పోతుంది. క్లినిక్ చెప్పే రేటులో ఇవేవీ ఉండవు. ఇంట్లో లెక్క వేసుకునేటప్పుడు మీరే కలుపుకోవాలి.

మరి ఒక్క రోజులో పళ్లు అబద్ధమా? పూర్తిగా అబద్ధం కాదు. ఎముక బాగుండి, మర గట్టిగా దిగితే అదే రోజు తాత్కాలిక పన్ను పెట్టే పద్ధతి ఉంది. పళ్లన్నీ పోయిన వాళ్లకు నాలుగైదు ఇంప్లాంట్ల మీద మొత్తం సెట్ బిగించే పద్ధతీ ఉంది. కానీ ఆ పళ్లు తాత్కాలికం. నెలల పాటు మెత్తటి తిండే తినాలి. అసలు సెట్ తర్వాత వస్తుంది, దానికి బిల్లూ వేరే ఉండొచ్చు. వీడియోలో ఈ చివరి మూడు వాక్యాలు వినపడవు, అంతే.

డబ్బు సంగతి

మన రాష్ట్రంలో ఒక్క పన్నుకు ఇంప్లాంట్, క్యాప్ కలిపి మామూలుగా పాతిక వేల నుంచి యాభై వేల మధ్య చెబుతున్నారు. విదేశీ కంపెనీ మర, జిర్కోనియా క్యాప్ అయితే ఇంకా పైకి పోతుంది. రేటు కంటే ముఖ్యం.. ఆ రేటులో ఏమేం ఉన్నాయి అన్నది.

మా ఇంట్లోనే జరిగింది చెబుతా. మా మామయ్యకు కింది దవడ పన్ను పోతే ఒక క్లినిక్ వాళ్లు ఇరవై రెండు వేలన్నారు. చవకే అనుకుని కట్టేశాం. నాలుగు నెలలు ఆగి వెళ్తే, ఆ డబ్బు మర వరకేనండి, కంబానికి, క్యాప్‌కి ఇంకో పద్దెనిమిది వేలు అవుతుంది అన్నారు. దవడలో మర ఉంది, మధ్యలో ఎక్కడికి పోతాం? కట్టక తప్పలేదు. నిజానికి వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇంప్లాంట్ రేటు ఎంత అని మేం అడిగాం, ఇంప్లాంట్ రేటే చెప్పారు. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే. పన్నుతో నమలడం మొదలుపెట్టే రోజు దాకా మొత్తం ఎంత? అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. స్కాన్, ఎముక పొడి, తాత్కాలిక పన్ను అందులో ఉన్నాయా లేవా అన్నది కూడా. మర పట్టుకోకపోతే మళ్లీ ఎవరి ఖర్చుతో వేస్తారన్నది మరీ ముఖ్యం.

మామూలు ఆరోగ్య బీమా పాలసీల్లో ప్రమాదంలో పళ్లు పోతే తప్ప పంటి వైద్యానికి ఎక్కువగా డబ్బు రాదు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంది కదా అని నమ్మకంతో వెళ్లిపోకుండా, ముందు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. వాయిదాల పద్ధతి అంటే చాలా చోట్ల ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే అప్పు. వైద్యం మధ్యలో ఆగిపోయినా వాయిదా ఆగదు.

ఖర్చు తగ్గాలంటే డెంటల్ కాలేజీలు ఒక దారి. కడపలో, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ పీజీ చేస్తున్న డాక్టర్లు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, ఇంప్లాంట్ సామాను డబ్బులు కట్టాల్సి రావచ్చు, కానీ రెండో అభిప్రాయం కోసమైనా ఒకసారి వెళ్లడం మంచిదే. ఎక్కడికి వెళ్లినా ఆ డాక్టర్ డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యారా లేదా అన్నది చూసుకోండి. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే చెప్పాలి.

అసలు ఇంప్లాంటే కావాలా అన్నదీ ఆలోచించుకోవచ్చు. పక్క పళ్లు ఆసరాగా బ్రిడ్జి కట్టించుకుంటే రెండు మూడు వారాల్లో పని అయిపోతుంది. కాకపోతే బాగున్న పక్క పళ్లను అరగదీయాలి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు అన్నింటికంటే చవక. డెబ్బై ఏళ్ల పెద్దాయనకు, షుగర్ ఎక్కువగా ఉండి, తీసుకెళ్లే మనిషి లేకపోతే మంచి కట్టుడు పళ్ల సెట్టే మేలు అని మా అభిప్రాయం.

చుట్ట, బీడీ మానరా? అయితే..

కనిగిరి, పొదిలిలో పొగాకు వేలం కేంద్రాలున్న ప్రాంతం మనది. అందుకే ఇది చెప్పక తప్పదు. ఇంప్లాంట్లు పదేళ్ల తర్వాత కూడా వందకు తొంభైకి పైగా నిలుస్తున్నాయని ప్రపంచవ్యాప్తంగా వైద్యులు చెబుతారు. ఫెయిలయ్యే ఆ కొద్ది వాటిలో పొగ తాగేవాళ్ల వాటా ఎక్కువ. పొగాకు వల్ల చిగురుకు రక్తం సరిగ్గా అందదు, గాయం మానదు. ఖైనీ, గుట్కా బుగ్గన పెట్టుకునే వాళ్లకు అక్కడే చిగురు దెబ్బతింటుంది. ఇంప్లాంట్‌కి కొన్ని వారాల ముందు, తర్వాత కనీసం ఎముక పట్టేదాకా మానేయాలి. పూర్తిగా మానేస్తే ఇంకేం కావాలి.

ఇంప్లాంట్ పిప్పిపట్టదు, నిజమే. కానీ దాని చుట్టూ ఉన్న చిగురుకు జబ్బు చేస్తుంది. పాచి పేరుకుంటే చిగురు వాచి, రక్తం కారి, లోపల ఎముక మెల్లగా కరిగిపోతుంది. నారపొర లేదు కాబట్టి మొదట్లో నొప్పి కూడా అనిపించకపోవచ్చు. రెండు పూటలా బ్రష్, పళ్ల సందుల్లోకి వెళ్లే చిన్న బ్రష్, ఆరు నెలలకోసారి చూపించుకోవడం.. ఇది జీవితాంతం ఉండే పని. వేపపుల్లతో గట్టిగా రుద్దడం, బొగ్గు, ఇటుక పొడి వద్దు.

కొన్నేళ్లకు పన్ను కదిలినట్టు అనిపిస్తే కంగారుపడొద్దు. చాలాసార్లు లోపలి మర బాగానే ఉంటుంది, పైనున్న చిన్న స్క్రూ వదులవుతుంది అంతే. బిగిస్తే సరిపోతుంది. కానీ బిగించాలంటే ఆ మర ఏ కంపెనీది, ఏ సైజు అన్నది తెలియాలి. ప్రతి ఇంప్లాంట్ డబ్బా మీద ఆ వివరాలున్న స్టిక్కర్ ఉంటుంది. ఆపరేషన్ రోజునే అది అడిగి మీ కార్డు మీద అంటించుకుని, ఫోన్‌లో ఒక ఫొటో తీసి ఇంట్లో వాళ్లకు కూడా పంపించండి. ఆ క్లినిక్ రేపు అక్కడ ఉండకపోయినా, ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్ ఆ స్టిక్కర్ చూసి పని చేయగలరు.